కుంపటి పక్క కుర్చీ

మా అమ్మాయి కూర్చోబోయి ఆగింది. తల పైకెత్తి కప్పు కింద నల్లటి దూలాల వంక చూసింది. తర్వాత ఫైర్‌ప్లేస్ వైపు, దాని మీంచి పైకి వెళ్ళిన రాతి చిమ్నీ వైపు చూసింది. ఆ తర్వాత తలుపు ఎక్కడుందో వెతుక్కుంది. పట్టుకున్న కుర్చీ వదిలేసి, తమ్ముడి చొక్కా పట్టుకుని గుమ్మం పక్కనున్న బల్ల దగ్గరికి లాక్కుపోయింది.

"అమ్మా, ఇక్కడ. ఇక్కడైతే ఫాస్ట్‌గా బయటికెళ్ళిపోవచ్చు," అంది.

నా భయం దానికీ అంటుకుందని నాకు మొదటిసారి తెలిసింది ఆ క్షణంలోనే. దానికింకా ఐదేళ్ళు నిండలేదు. కప్పు, గోడ, తలుపు. ఎక్కడికెళ్ళినా నేను చూసుకునేది సరిగ్గా ఆ వరసలోనే. ఎప్పుడూ పైకి చెప్పలేదు, నేర్పలేదు. అయినా నేర్చేసుకుంది.

"అచ్చం నువ్వే," అని మా ఆయన నవ్వారు. ఆయన ముచ్చటపడే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇవాళ ఆదివారం కదా అని క్రైస్ట్‌చర్చ్ దాటి పల్లెల వైపు బయల్దేరాం. నూటేభై ఏళ్ళ కిందట ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరి పబ్‌ని తలుచుకుంటూ కట్టుకున్నదట, మేం వెళ్ళిన పబ్. ఇంగ్లండ్ దాకా వెళ్ళక్కర్లేదు, భోజనానికి ఇక్కడికే పోదాం అని మా ఆయన సరదా. లోపలికి అడుగుపెట్టగానే కట్టెల పొగ, తివాచీలో ఇంకిన బీరు, వేయించిన మాంసం, తడిసిన కుక్క, ఇవన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా వచ్చింది. అది నా చిన్నతనం వాసన.

ఇప్పుడు పిల్లలు పడుకున్నారు. వంటింటి బల్ల మీద రాసుకుంటున్నాను. నేను పెరిగిన పబ్ గురించి మా ఆయనకి చెప్పింది ఒకటే, అది కూలిపోయిందని. కూలక ముందు అదెలా ఉండేదో ఎవరికీ చెప్పిన గుర్తు లేదు.

అదీ ఇలాంటిదే. మైదానంలో, గొర్రెల పొలాల మధ్య, రోడ్డు మలుపు తిరిగేచోట ఉండేది. రాతి గోడలు, తల వంచితే తప్ప పట్టని గుమ్మం. మిట్టమధ్యాహ్నం కూడా లోపల సాయంకాలంలా ఉండేది. దాన్ని కట్టించినాయన ఇంగ్లండ్‌లో తన ఊళ్ళో ఉన్న పబ్‌ని గుర్తు తెచ్చుకుంటూ, ఏ కిటికీ ఎక్కడుండాలో చెప్పి మరీ కట్టించాడట. అక్కడికొచ్చే ముసలి రైతులు "ఇంగ్లండ్‌లో అచ్చం ఇలాగే ఉంటాయి" అని ఒట్టేసి చెప్పేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ ఇంగ్లండ్ చూడలేదు.

మా నాన్న అక్కడ వంటవాడు. మా అమ్మ ఒక వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు చేసి పగలు నిద్రపోయేది. పబ్ వెనక రేకుల కప్పు ఇల్లొకటి మాకిచ్చారు. స్కూలు బస్సు నన్ను పబ్ ముందే దింపేది. అమ్మ నిద్ర చెడకుండా నేను తిన్నగా పబ్‌లోకి పోయేదాన్ని.

పబ్ నడిపేది డెబ్భై ఏళ్ళావిడ. భర్త పోయాక ఆయన స్వెట్టర్లే వేసుకుని తిరిగేది. నేను ఆంటీ అని పిలిచేదాన్ని. ఆ పిలుపు ఆవిడకి తెగ నచ్చింది. "నాకు అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు, మేనకోడలు ఎక్కణ్ణించి ఊడిపడిందో చూడండి," అని అందరికీ చూపించేది. బస్సు దిగగానే ఒక గ్లాసు రాస్ప్‌బెర్రీ లెమనేడ్, ఒక గిన్నె వేడి చిప్స్ ఇచ్చేది. ఆవిడ అటు తిరగ్గానే బార్ మీదున్న సీసాలోంచి ఎర్రటి చెర్రీలు తీసుకుని నోట్లో వేసుకునేదాన్ని. నాలిక ఎర్రగా ఉన్నా ఆవిడ ఎప్పుడూ అడగలేదు. సీసా మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉండేది.

చలికాలం చివర తెనాలి నుంచి మా అమ్మమ్మ వచ్చింది. ఆరు నెలలుందామని, రెండు పెట్టెలతో. ఒక పెట్టె నిండా చీరలు, ఇంకో పెట్టెలో సగం కాఫీపొడి. వచ్చిన మర్నాడే మా ఇంటి చలికి తట్టుకోలేక, "ఇదేం ఇల్లే, ఐస్ పెట్టెలో కూర్చోబెట్టినట్టుంది" అని వణకడం మొదలుపెట్టింది. నాన్న ఆవిణ్ణి పబ్‌లో మంట దగ్గర కూర్చోబెడదామని తీసుకొచ్చారు.

చీర మీద అమ్మ కోటు, కాళ్ళకి నాన్న సాక్సులు వేసుకుని వచ్చింది అమ్మమ్మ. గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చింది. ఎదురుగా బార్ మీద ఇత్తడి గంట వేలాడుతోంది. రాత్రి మూసేవేళ అయిందని చెప్పడానికి కొట్టే గంట అది. అమ్మమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తిన్నగా వెళ్ళి గంట కొట్టి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించింది.

పబ్ మొత్తం హోరెత్తిపోయింది. ముసలి రైతులు బల్లలు చరుస్తూ కేకలేశారు. ఎందుకంటే అక్కడొక ఆచారం ఉంది. ఊరికే గంట కొట్టినవాళ్ళు, ఆ గదిలో ఉన్న వాళ్ళందరికీ తాగడానికి పోయించాలి.

"ఏమిటే, హారతా?" అంది అమ్మమ్మ కళ్ళు తెరిచి.

నాన్న వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "అత్తయ్యగారూ, అది కొట్టకూడదండీ! కొడితే అందరికీ తాగడానికి ఇవ్వాలి."

"ఇవ్వాలంటే ఇద్దాం. అంత కంగారెందుకు? పాలు ఎక్కడున్నాయి?"

నాన్నని పక్కకి తప్పించి వంటింట్లోకి నడిచింది. కాసేపటికి ఆ పబ్‌లో, బీరు వాసన మీదుగా, కాఫీ వాసన తేలివచ్చింది. చిక్కటి పాలు, చికోరీ, దండిగా పంచదార. బీరు గ్లాసుల్లో పోసి అందరికీ పంచింది. కుక్కని కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుని రోజూ ఒకే మూల కూర్చునే ముసలాయన ఒక గుక్క తాగి, గ్లాసుని వెలుగుకి ఎత్తి చూసి, "రేపు కూడా ఈవిణ్ణే గంట కొట్టమనండి," అన్నాడు.

ఆ రోజునుంచి ఫైర్‌ప్లేస్ పక్కనున్న ఎత్తువీపు కుర్చీ అమ్మమ్మదైపోయింది. ఆవిడ దాన్ని ఫైర్‌ప్లేస్ అనలేదు ఎప్పుడూ. కుంపటి అనేది. ఆంటీని దొరసానమ్మ అనేది. మాంసం వాసన వస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది గాని, కుర్చీలోంచి లేచేది కాదు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక దొరసానమ్మ కూడా ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేది. ఆవిడ ఇంగ్లీషులో, ఈవిడ తెలుగులో మాట్లాడుకునేవాళ్ళు. నేను మధ్యలో కూర్చుని చిప్స్ తింటూ, అడిగితే ఇటుది అటు, అటుది ఇటు చెప్పేదాన్ని. చాలాసార్లు అడిగేవాళ్ళు కాదు.

"మా ఆయన గురక పెడితే పక్కింటివాళ్ళు లేచేవాళ్ళు," అనేది అమ్మమ్మ.

"మా ఆయన పోయాక ఈ ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో," అనేది ఆవిడ.

ఇద్దరూ తలలూపేవాళ్ళు. మంట మీద ఒక కట్టె విరిగి నిప్పురవ్వలు పైకి లేచేవి. కుక్క నిద్రలో కాళ్ళు కొట్టుకునేది. నేను ఆ దూలాల కింద వెల్లకిలా పడుకుని, వాటిలో ఏ చారలో ఏ జంతువుందో వెతికేదాన్ని. తలచుకుంటే ఆ రోజులన్నీ ఒకటే పొడుగాటి సాయంకాలంలా అనిపిస్తాయి.

వసంతం మొదట్లో ఒక తెల్లవారుజామున భూమి మొదటిసారి గట్టిగా కదిలింది. మా ఇంట్లో అల్మరా పడింది, పబ్‌లో సీసాలు పగిలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ తర్వాత రోజుల తరబడి చిన్న చిన్న కుదుపులు వస్తూనే ఉన్నాయి. అమ్మమ్మ నిద్రపోవడం మానేసింది. బీపీ పెరిగింది. చెంబులో నీళ్ళు కదిలినా లేచి కూర్చునేది. "నన్ను మా ఊరు పంపించేయండి," అని అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పగలంతా పబ్‌లో నలుగురి మధ్య ఉన్నప్పుడే ఆవిడ మామూలుగా ఉండేది.

పబ్ చూడ్డానికి ఎవరో వచ్చి, గోడలు తట్టి, పర్లేదన్నారు. మళ్ళీ జనం రావడం మొదలైంది. అయితే దొరసానమ్మ ఆ ఫైర్‌ప్లేస్‌లో మంట వెయ్యడం మానేసింది. దాని ముందు పెద్ద ఇత్తడి బిందె పెట్టి, ఎండిన పూలు గుచ్చింది. చుట్టూ ఉన్న బల్లలూ కుర్చీలూ తీయించేసింది. గదికి ఇంకో వైపు కొత్తగా హీటర్ పెట్టించింది. అమ్మమ్మ కుర్చీ కిటికీ దగ్గరికి మారింది.

అక్కడ మొదలైంది యుద్ధం.

"ఏమే, నేనేం తప్పు చేశాననీ?" అంది అమ్మమ్మ నాతో. "రోజూ కూర్చునే చోటునుంచి లేపేస్తుందా? మనింటికి ఎవరైనా వస్తే మనం ఇలా లేపుతామా? అడుగు, ఎందుకో అడుగు."

నేను అడిగాను.

"కిటికీ దగ్గర వెలుతురు బావుంటుందని చెప్పు డియర్," అంది దొరసానమ్మ. గ్లాసు తుడుస్తూ నా వంక చూడకుండా అంది.

"వెలుతురు కావలసినవాళ్ళు వీధిలో కూర్చుంటారు," అని అమ్మమ్మ కుర్చీ ఈడ్చుకుంటూ కుంపటి దగ్గరికి తీసుకెళ్ళి, ఎండుపూల బిందె పక్కన కూర్చుంది. మంట లేకపోయినా సరే, అదే తన చోటు.

మర్నాడు వచ్చేసరికి కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గరుంది. అమ్మమ్మ మళ్ళీ ఈడ్చింది. ఆ మర్నాడు మళ్ళీ. ఒకరితో ఒకరు ఒక్క మాటా అనుకోలేదు. కుర్చీ మాత్రం అటూ ఇటూ తిరిగేది. ముసలి రైతులు ఇవాళ ఎవరు గెలుస్తారని పందేలు కాసేవాళ్ళు. నాన్న వంటింటి గుమ్మంలోంచి ఓసారి తొంగిచూసి, వెంటనే వెనక్కి తిరిగి గిన్నెలో గరిటె తిప్పుకునేవారు. నాకు భలే సరదాగా ఉండేది.

ఒకసారి అమ్మమ్మ నిజంగానే అలిగింది. పబ్‌కి రానంది. మా రేకుల ఇంట్లో దుప్పటి కప్పుకుని ఒక్కతే కూర్చుంది. సాయంత్రం కుదుపొచ్చింది, చిన్నదే. నేను పరిగెత్తుకెళ్ళేసరికి అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, రెండు చేతులతో తలుపు పట్టుకుని గజగజ వణుకుతోంది. అమ్మ నిద్రలోంచి లేచి ఆవిణ్ణి పట్టుకుంది. ఆ రాత్రి నాన్నా దొరసానమ్మా పబ్ వెనక మెట్ల మీద నిలబడి చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నేను కిటికీలోంచి చూశాను, ఏమీ వినిపించలేదు.

మర్నాడు దొరసానమ్మ స్వయంగా మా ఇంటికొచ్చింది. చేతిలో పెద్ద బుట్ట, నిండా బీన్స్, ఆవిడ తోటలోవి. నాన్న తరిగిన కొన్నింటిని విడిగా గిన్నెలో తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది. అమ్మమ్మ ఒకటి తీసుకుని విరిచి చూసింది. పక్కన వేలాడే నార చూసి మొహం చిట్లించింది.

"ఈనెలు తియ్యకుండా తరుగుతాడా మీ నాన్న? ఇవి తింటే గొంతుకి అడ్డం పడవూ?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. దొరసానమ్మ రెండు చేతులూ ఎత్తేసింది, ఏం చెయ్యను, నాకు వంట చేసే మనిషి దొరికింది ఇతనే అన్నట్టు.

అమ్మమ్మ లేచింది. బుట్ట చంకనేసుకుంది. పబ్‌లో కిటికీ దగ్గర బల్ల మీద అప్పటికే పెద్ద పళ్ళెం, చాకు, తడిగుడ్డ పెట్టి ఉన్నాయి. ఈనె కనపడాలంటే వెలుతురు కావాలి కదా. అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. ఆ రోజునుంచి రోజూ ఏదో ఒక బుట్ట ఆవిడ కోసం అక్కడ సిద్ధంగా ఉండేది. బఠాణీలు, బీన్స్, వేసవి ముదిరాక మళ్ళీ బీన్స్. కుర్చీ గురించి మర్చిపోయింది. పనిలో పడ్డాక ఆవిడకి చిన్న కుదుపులు కూడా తెలిసేవి కావు. "లారీ వెళ్ళిందేమో," అనేది తలెత్తకుండా.

వేసవి చివర, అమ్మమ్మ ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటున్న రోజుల్లో, ఒకనాడు మా స్కూలు ఒంటిపూటే ఉంది. మధ్యాహ్నానికి పబ్‌లో ఉన్నాను. అమ్మమ్మ బీన్స్ ఈనెలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని పచ్చివి నోట్లో వేసుకుంటుంటే చేతి మీద కొట్టింది.

ముందు చప్పుడొచ్చింది, కిందనుంచి. తర్వాత నేల మమ్మల్ని పైకి విసిరింది. ఎవరూ ముట్టుకోకుండానే గంట మోగింది, ఆగకుండా మోగింది. అమ్మమ్మ నా తల పట్టుకుని బల్ల కిందికి తోసి, తనూ దూరి, నా మీద వంగింది. పళ్ళెం పడింది. తర్వాత గది అవతల నుంచి కొండ విరిగినట్టు చప్పుడు. చిమ్నీ లోపలికి కూలిపోయింది.

కదలిక ఆగాక ఏమీ కనపడలేదు. పిండి జల్లినట్టు గాలంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములోంచి నాన్న గొంతు నా పేరు పిలిచింది. అమ్మమ్మ బల్ల కిందనుంచే అరిచింది, "దొరసానమ్మ ఏదీ? ముందు దొరసానమ్మని చూడు బాబూ!"

ఆవిడ బార్ వెనక తెల్లగా, బొమ్మలా నిలబడి ఉంది. మా వైపు చూసి, కిటికీ దగ్గర మమ్మల్ని చూసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కుంపటి ఉన్నచోట నా ఎత్తున రాళ్ళు. ఇత్తడి బిందె కూడా కనపడలేదు. అందరం బయటికొచ్చాం. అమ్మ చెప్పుల్లేకుండా గడ్డిలో పరిగెత్తుకొస్తోంది. ఆ పబ్‌లో ఎవరికీ ఏమీ కాలేదు. ఊళ్ళో, సిటీలో ఎంతమందికి ఏమైందో తర్వాత తెలిసింది.

ఆ గుమ్మంలో మళ్ళీ ఎవరం అడుగుపెట్టలేదు. కొన్నాళ్ళకి మిషన్లు వచ్చి మిగిలింది కూడా తీసేశాయి. ఇప్పుడక్కడ గడ్డి, ఒక కంచె. దొరసానమ్మ నార్త్ ఐలండ్‌లో దూరపు చుట్టాల దగ్గరికి వెళ్ళి, అక్కడే కన్నుమూసింది. నాన్నకి డునెడిన్‌లో పని దొరికింది. అమ్మమ్మ తెనాలి వెళ్ళాక, బతికున్నన్నాళ్ళూ అందరికీ ఒకటే చెప్పేది, "మా అల్లుడికి బీన్స్ తరగడం రాకపోబట్టి నేను బతికాను."

నేనూ అలాగే నమ్మాను. నా పెళ్ళయ్యాక, ఒకసారి డునెడిన్ వెళ్ళినప్పుడు, ఉల్లిపాయలు కోస్తూ నాన్న అసలు సంగతి చెప్పారు. మొదటి కుదుపు తర్వాత దొరసానమ్మ రోజూ పొద్దున్నే అందరికంటే ముందు లేచి ఆ కుంపటి ఊడ్చేదట. రోజూ కాస్త సున్నం, కాస్త ఇసుక రాలి ఉండేదట. గోడలు చూసినవాళ్ళు పర్లేదన్నారు గాని ఆవిడకి నమ్మకం కుదరలేదు. నాన్నని పిలిచి చూపించింది. "అత్తయ్యగారికి చెబితే ఇక ఇల్లు కదలరు, ఒక్కరే కూర్చుని భయపడి చస్తారు. పిల్లకి కూడా చెప్పొద్దు" అన్నారట నాన్న. అందుకే కుర్చీ. అందుకే బీన్స్. ఈనెలు తియ్యకుండా తరిగింది కూడా కావాలనే.

"మరి మీకు భయం వెయ్యలేదా నాన్నా?" అన్నాను.

"వెయ్యకేం. రోజూ కూర కలుపుతూ నీ వైపే ఒక కన్ను. అమ్మమ్మ కుర్చీ ఎటు తిరిగిందో అని ఇంకో కన్ను. ఎన్ని కూరలు మాడ్చానో నీకేం తెలుసు?"

అవును, నాకేం తెలుసు. నేను దూలాల చారల్లో జంతువుల్ని వెతుక్కుంటున్నాను. ఆ ఆరు నెలలూ నా నెత్తిన ఒక చిమ్నీ వేలాడుతుంటే, చెర్రీలు దొంగతనం చేస్తూ, ఎవరు గెలుస్తారా అని నవ్వుకుంటూ గడిపాను. భయపడాల్సినవాళ్ళు భయపడ్డారు. దాన్ని నా దాకా రానివ్వలేదు. అది కూలిన తర్వాత వచ్చిన భయమే నా దగ్గరుంది. దాన్ని నేను అలా దాచలేకపోయాను. నా కళ్ళు ఎటు తిరిగితే అటు చూస్తూ కూర్చున్న పిల్ల ఉందని గమనించుకోలేదు. దానికి ఏమీ కాదని చెబితే అబద్ధం. ఈ దేశంలో భూమి కదులుతుంది. ఊరికే ధైర్యం చెబితే అది నమ్మదు, నా మొహం చూసి తెలుసుకుంటుంది.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి పడుకున్నాను.

పొద్దున్న పాలగ్లాసులు ముందు పెట్టుకుని పిల్లలిద్దరూ కూర్చున్నారు. నేను ఎదురుగా కూర్చుని అమ్మాయిని అడిగాను, నిన్న నీకు ఏ కుర్చీ కావాలనిపించిందని.

"కిటికీ దగ్గరది. అక్కణ్ణించి గొర్రెలు కనిపిస్తాయి," అంది. కాస్త ఆగి, "బట్ అది డోర్‌కి దూరం," అంది.

అప్పుడు చెప్పాను. "తలుపు ఎక్కడుందో, పైన ఏముందో చూసుకోవడం నా పని. నేను చూడకపోతే నాన్న చూస్తారు. అవసరమైతే మీ ఇద్దర్నీ ఎత్తుకుని పరిగెత్తేది కూడా మేమే. నువ్వు ఆ పని చెయ్యక్కర్లేదు. గొర్రెలు కనిపించే కుర్చీలో కూర్చో. ఎన్నున్నాయో నాకు చెప్పు."

"నేను?" అన్నాడు వాడు, పాలమీసాలతో.

"నువ్వు మాత్రం పాలు తాగు," అన్నాను.